దెబ్బ పడకముందే చెప్పండి
(రేడియో ప్రసంగ పాఠము)

 

ఈ దినమున నేను ముఖ్యముగా ఇద్దరితో మాట్లాడాలని ఆశపడుతున్నాను. కువైట్‌లోనో, సౌదీలోనో, దుబాయిలోనో పని ముగించుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఈ కార్యక్రమం వింటున్న మీతో. ఇక్కడ రాయచోటిలోనో, రాజంపేటలోనో, జగిత్యాలలోనో, నర్సాపురంలోనో మీ ఫోను కొరకు కనిపెట్టుకొని ఉన్న మీ ఇంటివారితో. మిగిలినవారు మనకెందుకులే అనుకోవద్దు. ఈ రోజు కాకపోతే రేపు మీ బిడ్డో, మీ చెల్లెలి కొడుకో విమానం ఎక్కుతారు.

వాక్యములోనికి వెళ్ళకముందు నా తప్పు ఒకటి మీ యెదుట ఒప్పుకుంటాను. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక సహోదరి ఖాదిం వీసా మీద కువైట్ వెళ్ళింది. ఇంటిపనికి ఇచ్చే వీసాను అక్కడ అలా అంటారు. భర్త లేడు. ఇద్దరు పిల్లలను తల్లి దగ్గర విడిచిపెట్టి వెళ్ళింది. వెళ్ళే ముందు ఆదివారము ఆరాధనలో మేమందరం ఆమె కొరకు ప్రార్థన చేసి పంపాము. అయిదు నెలలకు ఒక రాత్రి పదకొండు దాటాక నాకు ఫోను వచ్చింది. గుసగుసగా మాట్లాడుతోంది, వెనుక నీళ్ళ చప్పుడు వినబడుతోంది. బాత్‌రూములో కొళాయి విప్పి మాట్లాడుతున్నానన్నది. "అయ్యగారూ, మూడు నెలల నుంచి జీతం ఇయ్యలేదు. కడుపులో కుడిపక్క నొప్పి, అప్పుడప్పుడు నిలబడలేకపోతున్నా. ఎవరికీ చెప్పొద్దు, అమ్మకు తెలిస్తే తట్టుకోలేదు. ప్రార్థన చేయండి" అన్నది.

నేను ప్రార్థన చేశాను. "ఓర్చుకో అమ్మా, దేవుడు చూస్తున్నాడు" అన్నాను. మరునాడు ఉపవాస ప్రార్థన పెట్టించాను, పేరు చెప్పకుండా, "ఒక సహోదరి అవసరత" అని. అంతే. ఆమె ఏ ప్రాంతములో, ఏ ఇంటిలో ఉన్నదో అడగలేదు. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉందో అడగలేదు. నొప్పి ఎప్పటినుండి, జ్వరం వస్తోందా, ఆ ఇంటివాళ్ళు డాక్టరుకు చూపించారా అని కూడా అడగలేదు. సెమినరీలో మాకు గ్రీకు క్రియాపదాల రూపాలన్నీ కంఠతా పట్టించారు. అర్ధరాత్రి పరాయిదేశం నుండి ఫోను వస్తే ఏమి అడగాలో మాత్రం నేర్పలేదు. ఇది సాకు అని నాకు తెలుసు. ఆ మాట అడగడానికి సెమినరీ అక్కర్లేదు.

కొద్ది రోజులకు ఎవరో తెలిసినవాళ్ళు "ఇక్కడ జీతం ఎక్కువ" అని చెబితే ఆమె ఆ ఇల్లు విడిచి వేరే చోట పనికి చేరింది. యజమాని ఆమె పారిపోయిందని ఫిర్యాదు ఇచ్చాడు. అకామా పోయింది. గల్ఫ్‌లో మనవాళ్ళ మాటలో చెప్పాలంటే ఖల్లివల్లి అయిపోయింది. తరువాత ఆ నొప్పి ముదిరింది. అపెండిక్స్ పగిలి ఆసుపత్రికి చేరేటప్పటికి చేతిలో బతాకా కూడా లేదు. ప్రాణం నిలిచింది, దేవునికి స్తోత్రము. గాని కాగితాలు సరిచేసుకుని ఇల్లు చేరడానికి పధ్నాలుగు నెలలు పట్టింది. ఈ మధ్యలో తల్లి చనిపోయింది. ఏ అమ్మకు తెలియనియ్యవద్దు అన్నదో ఆ అమ్మే. భూస్థాపన కార్యక్రమం నేనే జరిగించాను. కూతురు ఫోనులో చూసింది.

తిరిగి వచ్చిన తరువాత ఒక రోజు ఆమె నాతో మామూలుగా అన్నది, నిందగా కాదు: "అయ్యగారూ, ఆ రాత్రి మీరు 'ఎక్కడున్నావమ్మా' అని అడుగుతారేమో అనుకున్నా."

ఆ మాట నన్ను మళ్ళీ వాక్యము దగ్గరకు నడిపించింది. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయము తెరవండి. పౌలు సీలలు ఫిలిప్పీ పట్టణములో ఉన్నారు. అది వారి ఊరు కాదు. త్రోయలో ఓడ ఎక్కి సముద్రం దాటి మాసిదోనియకు వచ్చారు. గుంపు లేచింది, పరాయివాళ్ళని చెప్పి న్యాయాధిపతుల యొద్దకు ఈడ్చుకొని పోయారు. విచారణ లేదు. వస్త్రములు లాగివేసి, బెత్తములతో కొట్టించి, లోపలి చెరసాలలో వేసి కాళ్ళకు బొండ బిగించారు. మధ్యరాత్రి వారు ప్రార్థించారు, పాడారు. ఈ భాగం మీద మీరు ఎన్నో ప్రసంగాలు విని ఉంటారు, నేనే ఒక ఇరవై చేసి ఉంటాను. అయితే తెల్లవారిన తరువాత జరిగిన దాని మీద ఎన్ని విన్నారు? ఉదయమున న్యాయాధిపతులు బంట్రౌతులను పంపి, వాళ్ళను వదిలిపెట్టమన్నారు. మనమైతే బ్రతుకుజీవుడా అని వెళ్ళిపోతాం. పౌలు కదలలేదు. తాము రోమా పౌరులమనీ, విచారణ లేకుండా అందరి యెదుట కొట్టించి ఇప్పుడు చాటుగా పంపివేస్తే ఒప్పుకోమనీ, వాళ్ళే వచ్చి బయటకు తీసుకుపోవాలనీ చెప్పి పంపాడు. న్యాయాధిపతులు భయపడి వచ్చి బతిమాలారు.

గమనించండి. రాత్రి పాడిన నోరే ఉదయమున పౌరసత్వం మాట ఎత్తింది. పాడినందుకు హక్కు పోలేదు, హక్కు అడిగినందుకు విశ్వాసం తగ్గలేదు.

ఇంకొకటి చూడండి. 22వ అధ్యాయములో యెరూషలేములో సైనికులు పౌలును కొరడాలతో కొట్టడానికి వారులతో కట్టారు. అప్పుడు ప్రక్కనున్న శతాధిపతిని అతడు అడిగాడు, రోమీయుడైన మనిషిని శిక్ష తీర్చకుండా కొట్టవచ్చునా అని. కొట్టబోయినవాళ్ళు వెనక్కి తగ్గారు. ఫిలిప్పీలో దెబ్బలు తిన్న తరువాత చెప్పాడు, యెరూషలేములో దెబ్బ పడకముందే చెప్పాడు. ఫిలిప్పీలో ముందే ఎందుకు చెప్పలేదో వాక్యం చెప్పదు. గుంపు కేకలలో వినిపించలేదేమో, ఇది నాకు తోచిన మాట మాత్రమే. గాని రెండవసారి ఆలస్యం చేయలేదు.

ప్రియులారా, ఆ రోమా పౌరసత్వానికి బదులు మీ చేతిలో ఉన్నది ఆ నీలిరంగు పాస్‌పోర్టు. చాలామంది మనవాళ్ళ చేతిలో అది ఉండదు, కఫీల్ బీరువాలో ఉంటుంది. కువైట్‌లో ఇంటిపనివారి కొరకు 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. పనిమనిషి ఒప్పుకోకుండా యజమాని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోకూడదని అందులో ఉంది. వారానికి ఒకరోజు సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని కూడా అందులో ఉన్నాయి. చట్టం ఉందని చెప్పి ఆ ఇంట్లో ఒంటరిగా గొడవకు దిగమని నేను చెప్పడం లేదు. ఆ అమ్మాయిలు ఎలాంటి నాలుగు గోడల మధ్య ఉంటారో నాకు తెలుసు. నేను చెప్పేది ఇది: పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా, అగ్రిమెంటు, బతాకా రెండు వైపులా ఫోటో తీసి ఈ రాత్రే ఇంటికి వాట్సాప్ చేయండి. ఇంటివాళ్ళు వాటిని జిరాక్సు తీసి పెట్టెలో పెట్టండి. ఫోను నీళ్ళలో పడిపోతుంది, కాగితం ఉంటుంది.

తరువాత మీరున్న చోటు. మా సహోదరి వచ్చిన తరువాత నేను అడిగాను, "ఆ రాత్రి నేను అడిగినా ఎక్కడున్నావో చెప్పగలిగేదానివా అమ్మా?" ఆమె ఆలోచించి, "పెద్ద మసీదు దగ్గర అని చెప్పేదాన్ని" అన్నది. కువైట్‌లో మసీదు లేని వీధి ఏది? అక్కడ చిరునామా చెప్పాలంటే ఏరియా పేరు, బ్లాకు నంబరు, వీధి, ఇంటి నంబరు చెప్పాలి. ఇవి కాక ప్రతి భవనానికీ పాసీ నంబరు అని ఒకటి ఉంటుంది, చిన్న ఫలకం మీద రాసి ఉంటుంది. చెత్త పారవేయడానికి బయటకు వెళ్ళినప్పుడు ఆ ఫలకాన్ని ఒక్క ఫోటో తీయండి. అది ఉంటే అంబులెన్సు మీ గుమ్మం ముందుకు వస్తుంది.

అంబులెన్సు అంటే మనకు నోటికి వచ్చే నంబరు 108. అది మన దేశంలో 2005లో హైదరాబాదులో మొదలైన సేవ, అక్కడ పనిచేయదు. కువైట్‌లో పోలీసుకైనా, మంటలకైనా, అంబులెన్సుకైనా 112. ఎమిరేట్స్‌లో పోలీసు 999, అంబులెన్సు 998, అగ్నిమాపకం 997. సౌదీలో ఈ చివరి రెండూ తారుమారు: అక్కడ అంబులెన్సు 997, మంటలకు 998. దుబాయిలో పనిచేసి సౌదీకి మారినవారు ఇది గుర్తుంచుకోండి. రియాద్, మక్కా, తూర్పు ప్రాంతాలలో అన్నిటికీ కలిపి 911 ఉంది. ఖతర్, బహ్రెయిన్‌లలో 999. ఒమాన్‌లో 9999. నంబరు ఒక్కటే తెలిస్తే చాలదు. మంట, రక్తం, గుండెనొప్పి అనే మూడు మాటలు అరబీలో ఎలా అనాలో మీతో పనిచేసేవారిని అడిగి తెలుగులో రాసుకోండి.

2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్ మంగాఫ్‌లో కార్మికులు నిద్రపోతున్న ఒక భవనానికి నిప్పంటుకున్నది మీకు జ్ఞాపకముండే ఉంటుంది. 45 మంది భారతీయుల శవపేటికలను వాయుసేన విమానంలో కొచ్చికి తెచ్చారు. వారిలో ముగ్గురు మన ఆంధ్రవారు. ఎక్కువమందిని చంపింది మంట కాదు, పొగ. మీరు గదిలో ఆరుగురో ఎనిమిదిమందో ఉంటారు. ఈ రాత్రి పడుకునే ముందు ఒకసారి లేచి నడవండి. మెట్లు ఎటున్నాయి? మిద్దె మీద తలుపుకు తాళం వేసి ఉందా? రెండవ దారి ఉందా? పొగలో కళ్ళు కనబడవు, చేతితో గోడ తడుముకుంటూ వెళ్ళాలి. నేల దగ్గర పొగ తక్కువ, వంగి పాకుతూ వెళ్ళండి. ప్రార్థన ఎక్కడైనా చేయవచ్చు, మెట్ల మీద దిగుతూ కూడా చేయవచ్చు.

ఇక యజమాని ఇంట్లో ఉండలేని పరిస్థితి వస్తే? కొడుతున్నారు, అన్నం పెట్టడం లేదు, మీ మానమునకు భయముంది. అప్పుడు బయటకు రండి. ఓర్చుకో అని నేను చెప్పను. ఇంకెన్నడూ ఎవరికీ చెప్పను. కాని బయటకు వచ్చి ఎక్కడికి వెళ్తారనే దాని మీద తరువాతి సంవత్సరాలు ఆధారపడి ఉంటాయి. వేరే ఇంట్లో పనికి చేరితే మా సహోదరికి జరిగినదే మీకు జరుగుతుంది, తప్పు అవతలివారిదైనా కేసు మీ మీద ఉంటుంది. తిన్నగా పోలీసు స్టేషనుకు గాని మన ఎంబసీకి గాని వెళ్ళండి. కువైట్‌లో మన ఎంబసీ కష్టంలో ఉన్న ఇంటిపని స్త్రీల కొరకు ఆశ్రయం నడుపుతోంది. పాస్‌పోర్టు లేకపోతే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు, మనవాళ్ళు ఔట్‌పాస్ అంటారు, ఒక్కసారి ఇంటికి రావడానికి పనికొచ్చే కాగితం. దిక్కులేనివారి తిండికి, బసకు, వైద్యానికి, టికెట్టుకు, చనిపోతే శరీరాన్ని పంపడానికి ఖర్చుపెట్టే నిధి ఒకటి 2009 నుండి మన ఎంబసీలలో ఉంది. అది బిచ్చం కాదు, మన దేశం మన కొరకు పెట్టిన నిధి. ఏ ఆఫీసులోనైనా ఫోను మొదటిసారికే ఎత్తుతారని నేను మాట ఇవ్వను. ఎత్తకపోతే మళ్ళీ చేయండి. ఎవరు మాట్లాడారు, ఏ రోజు, ఏమన్నారు, రాసి పెట్టుకోండి. చదవలేని కాగితం మీద మాత్రం సంతకం చేయకండి, వేలిముద్ర వేయకండి. తర్జుమా చేసే మనిషి కావాలని గట్టిగా అడగండి.

ఇప్పుడు ఇక్కడ ఉన్న తల్లిదండ్రులారా, మీ వంతు. 23వ అధ్యాయములో పౌలును చంపడానికి నలభై మందికి పైగా ఒట్టు పెట్టుకున్నారు. ఆ సంగతి పౌలు మేనల్లుడు విన్నాడు. విని ఇంట్లో ఏడుస్తూ కూర్చోలేదు. మేనమామ ఉన్న కోటకు వెళ్ళి చెప్పాడు. పౌలు కూడా, "సరేలే నాయనా, దేవుడున్నాడు, ఇంటికి వెళ్ళు" అనలేదు. ఒక శతాధిపతిని పిలిచి, పిల్లవానిని సహస్రాధిపతి దగ్గరకు పంపించాడు. చెప్పవలసిన మనిషికి చెప్పించాడు. ఆ రాత్రే 470 మంది సైనికులు కదిలారు. పేరు కూడా వ్రాయబడని ఒక కుర్రవాని మాట వలన.

మీ ఇంట్లో ఆ మేనల్లుడు ఎవరు? ఇప్పుడే నిర్ణయించుకోండి. కొంచెం చదువుకుని, ఫోను వాడడం తెలిసిన ఒక పిల్లవాడికి ఆ కాగితాల సంచి అప్పగించండి. విదేశాంగ శాఖవారు 2015లో మదద్ అని ఒక పోర్టల్ పెట్టారు. విదేశంలో ఉన్న మనిషి కొరకు ఇంటివాళ్ళు ఇక్కడ నుండే దానిలో ఫిర్యాదు వేయవచ్చు. నంబరు ఇస్తారు, ఆ నంబరు పట్టుకుని అడుగుతూ ఉండవచ్చు. ఊళ్ళో ఏజెంటు చుట్టూ తిరిగే కంటే అది మేలు. ఏజెంట్ల సంగతి ఎత్తితే ఈ కార్యక్రమం చాలదు. ఒక్కటి మాత్రం చెబుతాను. పదవ తరగతి పాస్ కానివారు గల్ఫ్ పనికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు ఉండాలి. ముప్పై ఏండ్లు నిండని స్త్రీకి ఇంటిపనికి అది ఇవ్వరు. అందుకే కొందరు విజిట్ వీసా మీద పంపిస్తారు. అలా వెళ్ళినవారికి ఆ భీమా కూడా ఉండదు. సక్రమంగా వెళ్ళినవారికి రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు కడితే, ప్రమాదంలో మరణించినా శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల భీమా ఉంది. ప్రవాసీ భారతీయ భీమా యోజన అని దాని పేరు. ఏజెంటుకు లక్షలు ఇచ్చి 275 దగ్గర మిగుల్చుకుంటామా?

మరి ఇవన్నీ ఉన్నా మనవాళ్ళు ఎందుకు చెప్పరు? నాకు తెలిసినంతవరకు రెండు కారణాలు. ఒకటి అప్పు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి వెళ్ళారు, వెనక్కి వస్తే అప్పులవాడు గుమ్మం ముందుంటాడు. రెండవది సిగ్గు. సంఘమంతా ప్రార్థన చేసి పంపింది, ఎలా తిరిగి వెళ్ళను అని. ఈ రెండవది మన వలన పుట్టినది, నా వలన కూడా. గల్ఫ్ నుండి వచ్చి కానుక వేసినవారిని వేదిక మీదికి పిలిచి సాక్ష్యం చెప్పిస్తాము. ఔట్‌పాస్ మీద ఖాళీ చేతులతో వచ్చినవారు వెనుక వరుసలో కూర్చుని ఆశీర్వాదము కాకముందే లేచి వెళ్ళిపోతారు. వారిని ఎవరైనా పిలిచారా? అందుకే ఫోనులో అటువైపు నుండి "అంతా బాగానే ఉంది", ఇటువైపు నుండి "అంతా బాగానే ఉంది". నాన్నకు గుండె ఆపరేషను అయిన సంగతి ఇటు దాస్తారు, జీతం రాని సంగతి అటు దాస్తారు.

అమ్మా, అయ్యా, వచ్చే ఫోనులో "బాగున్నావా" అని అడగకండి. ఆ ప్రశ్నకు ఒక్కటే జవాబు వస్తుంది. "ఈ రోజు ఏమి తిన్నావు, ఎన్ని గంటలకు పడుకున్నావు, ఈ నెల జీతం ఏ తేదీన ఇచ్చారు" అని అడగండి. ఏదైనా ఒక మాట ముందుగానే అనుకోండి, అది వినబడితే ఆపద అని ఇంటివాళ్ళకు తెలియాలి. ప్రక్కన యజమాని నిలబడి ఉన్నా "తెల్లావు ఈనిందా అమ్మా" అని అడగవచ్చును గదా. మన ఇంట్లో తెల్లావు లేదని వాళ్ళకేమి తెలుసు?

చివరిగా మళ్ళీ ఫిలిప్పీ చెరసాలకు వెళ్దాం. భూకంపం వచ్చింది, తలుపులు తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకుని చెరసాల నాయకుడు కత్తి దూసి తన్ను తాను చంపుకోబోయాడు. పౌలు చీకటిలో నుండి బిగ్గరగా కేక వేసి ఆపాడు. సువార్త తరువాత చెప్పాడు. ముందు కేక వేశాడు. క్యాంపులలో ఉంటున్న సహోదరులారా, మీ గదిలో ఒకడు నాలుగు రోజులుగా ఎవరితో మాట్లాడటం లేదా? ఇంటికి ఫోను చేయడం మానేశాడా? తన దుప్పటి, తన వాచీ ఎవరికో ఇచ్చేస్తున్నాడా? అతనిని ఒంటరిగా విడిచిపెట్టకండి. అప్పుల సంగతి, చనిపోవాలనే ఆలోచన సంగతి తిన్నగా అడగండి, అడిగినందువలన ఆ ఆలోచన పుట్టదు. ఆ రాత్రి అతని ప్రక్కన ఎవరైనా ఒకరు మేలుకొని ఉండండి, తెల్లవారగానే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ఈ మాట వింటున్నది ఆ మనిషే అయితే, నాయనా, అప్పు తీరడానికి దారులు ఉన్నాయి. లైటు వేసి ప్రక్క మంచం మీద ఉన్నవాణ్ణి లేపు. పేరు పెట్టి పిలిచి లేపు.

ఇప్పుడు మా సంఘములో ఎవరు విదేశానికి వెళ్ళినా ముందు శనివారము సాయంకాలం ఆ సహోదరి ఒక నోటుబుక్కు పట్టుకుని వారి ఇంటికి వెళ్తుంది. కాగితాలు తెరిపించి చూస్తుంది. ఇతరులు ఇచ్చిన పచ్చడి డబ్బాలు, మందుల పొట్లాలు పెట్టెలో ఉంటే తీయించి వేస్తుంది. ఎవరి పొట్లంలో ఏముందో మనకు తెలియదు, విమానాశ్రయంలో దొరికితే జైలు మనకు. అక్కడికి చేరిన వారంలోపు చిరునామా పంపకపోతే ఆమే ఫోను చేస్తుంది. మొన్న ఆదివారము ప్రార్థన చేసి పంపిన అబ్బాయి చిరునామా ఇంకా రాలేదని నిన్న నాకు చెప్పింది.

కండ్లు మూసుకుని ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న తండ్రీ, ఈ గడియలో ఏ వంటింటిలోనో, ఏ బాత్‌రూములోనో కొళాయి విప్పి మెల్లగా మాట్లాడుతున్న నీ కుమార్తెల మాట ఆలకించుము. వారికి నోరిమ్ము. వారి ఫోను ఎత్తే మాకు చెవులిమ్ము. ఆ అబ్బాయి క్షేమముగా చేరి ఉండునట్లు కనికరించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.